మూడు వారాలకో సూది

టాటానగర్‌లో బర్మామైన్స్ సందులో ఆదిబాబు బిడ్డ చక్కగా తెలుగు మాట్లాడుతుందని చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా మెచ్చుకునేవారు. వాళ్ళ పిల్లలు తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబిచ్చేవాళ్ళు. "ఆదిబాబు గుంటని సూసి నేర్చుకోండి" అని వాళ్ళని కసురుకోవడానికి ఆ పేరు పనికొచ్చేది. ఆ మాట చెవిన పడితే తల్లి తవిటమ్మ పైకి ఏమీ అనేది కాదు గాని, ఆ పూట ఇడ్లీలమ్మే బండి దగ్గర ఆమె చేయి కాస్త ధారాళంగా చట్నీ పోసేది.

అసలు సంగతి వాళ్ళెవరికీ తెలియదు. హిందీలో నోరు తెరిస్తే చాలు, మాట్లాడేది ఆడో మగో చెప్పేయాలి. వెళ్తున్నాను అనడానికి ఆడపిల్ల 'జా రహీ హూ' అనాలి, మగపిల్లాడు 'జా రహా హూ' అనాలి. రోజుకి వందసార్లు ఆ 'రహీ' అనడం ఆ బిడ్డ వల్ల అయ్యేది కాదు. తెలుగులో ఆ పేచీ లేదు. 'వెల్తన్నాను' అంటే వెళ్ళేది ఎవరైనా కావచ్చు. అందుకే ఇల్లు చేరగానే తెలుగులోకి వచ్చి పడేవాడు.

అతనికి ఇరవయ్యారేళ్ళు. ఆధార్ కార్డులో పేరు కల్యాణి. ఆదిబాబుకీ తవిటమ్మకీ ఒక్కగానొక్క కూతురు. తనకి మాత్రం పదిహేనో ఏటి నుంచీ తన పేరు సూర్యం. ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కతే ఉంది. సాక్చి బజారులో ఇద్దరూ పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసే రీనా.

తెల్లవారుతూనే స్కూటీ వేసుకుని ఇళ్ళకి వెళ్ళి నెత్తురు తీసుకురావడం సూర్యం పని. ల్యాబులో జీతం తక్కువే. వెళ్ళిన ఇంటికి ఇంత అని ల్యాబు ఇచ్చే పైడబ్బుతోనే గడిచేది. చేయి తేలిక అని పేరు పడింది. నరం దొరకని ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు ఫోను చేసి "ఆ అమ్మాయినే పంపండి" అని అడిగేవారు. తన చేతిని మెచ్చుకున్నందుకు సంతోషపడేలోపే 'అమ్మాయి' అన్న మాట వచ్చి తగిలేది.

మగ హార్మోను మందు మొదలుపెట్టాలన్న ఆలోచన నాలుగేళ్ళ నాటిది. ఊళ్ళో ఇద్దరు డాక్టర్లని అడిగాడు. ఒకాయన పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. రెండో ఆయన మర్యాదస్తుడు. తనకి ఈ వైద్యం తెలియదనీ, కలకత్తా వెళ్ళమనీ చెప్పాడు. కలకత్తాలో ముందు మనసు డాక్టరుకి చూపించుకోవాలి. నాలుగుసార్లు రమ్మని, చిన్నప్పటి నుంచీ జరిగినవన్నీ అడిగి, చివరికి ఆయన ఒక కాగితం రాసిచ్చాడు. ఈ మనిషికి మతి స్థిమితంగా ఉంది, తానెవరో తనకి తెలుసు, హార్మోన్లు ఇవ్వవచ్చు అని. ఆ ఒక్క కాగితం కోసం నాలుగు సెలవులు పోయాయి. తెల్లవారకముందే టాటానగర్ స్టేషనుకి పరిగెత్తి స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం నాలుగుసార్లయింది. ఇంట్లో మాత్రం ల్యాబు పని మీద ట్రైనింగు అని చెప్పాడు.

హార్మోన్ల డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి. కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

"మందు ఖరీదు నిన్ను ముంచదు. నా దగ్గరికి రావడం, పరీక్షలు చేయించుకోవడం, వాటితోనే ఖర్చు. చాలామంది అవి మానేసి మందొక్కటే వాడతారు. అలా చేస్తే నెత్తురు చిక్కబడి గుండె మీదికి వస్తుంది. మూడు వారాలకో సూది, మూడు నెలలకోసారి నా దగ్గరికి. కుదురుతుందా?"

"కుదురుతుంది" అన్నాడు సూర్యం. ఎలా కుదురుతుందో తనకే తెలియదు.

"గొంతు మారిందంటే ఇక వెనక్కి రాదు. ఆలోచించుకున్నావా?"

ఆ ఒక్కదానికి మాత్రం అతను ఆలోచించకుండానే తలూపాడు.

మొదటి సూది ల్యాబులో, మధ్యాహ్నం జనం పలచబడ్డాక, వెనక గదిలో వేసుకున్నాడు. రీనా తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల చేతులకి సూది గుచ్చాడో లెక్క లేదు. తన తొడలోకి గుచ్చుకోవడానికి మాత్రం పావుగంట పట్టింది. నూనెలాంటి మందు మెల్లగా లోపలికి దిగుతుంటే ఏడుపొచ్చింది.

"నొప్పా?" అంది రీనా.

"కాదు. ఆకలేస్తోంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుని బయటికి వెళ్ళి సమోసాలు తిన్నారు.

రెండు నెలలు పోయాక డాక్టరమ్మ చెప్పిన పరీక్షలకి తన నెత్తురు తానే తీసుకున్నాడు. డబ్బు అందరిలాగే కట్టాడు. పేరు దగ్గర ఏం కొట్టాలని రీనా అడగలేదు. 'సూర్యం, 26, పురుషుడు' అని కొట్టేసింది. అన్ని అంకెలూ మగవాళ్ళకి ఉండాల్సిన హద్దుల్లోనే ఉన్నాయి. తన పేరు అచ్చులో చూసుకోవడం అతనికి అదే మొదటిసారి. ఆ కాగితం మడిచి బ్యాగులో లోపలి అరలో పెట్టుకున్నాడు.

మూడో నెలలో గొంతు విరిగింది. మొదట బొంగురు, తర్వాత మాట మధ్యలో జారిపోవడం, ఆ తర్వాత అడుగున ఎక్కడో నిలిచిపోయి పైకి రాకపోవడం. ఆదిబాబుకి అది వినపడలేదు. ముప్పయ్యేళ్ళు రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పని చేసి చెవులు మిల్లుకే ఇచ్చేసిన మనిషి ఆయన. ఎదురుగా కూచుని అరిస్తే తప్ప వినపడదు. తవిటమ్మకి వినపడింది.

"ఒలే, ఏటా గొంతు? మంచులో తిరక్కే అంటే ఇనవు."

"పనికెల్లకపోతే ఎలగమ్మా?"

"చెవులకి గుడ్డ కట్టుకోనేవేటి?"

ఆ రాత్రి నుంచీ పడుకునే ముందు మిరియాల పాలు. గ్లాసు పట్టుకుని వచ్చి అడుగు కనపడేదాకా పక్కనే నిలబడేది. అతను ఊదుకుంటూ తాగేవాడు. ఇది జలుబు కాదని ఒక్క మాట చెబితే పోయేదే. ఆ మాట తర్వాత ఆ గ్లాసు మరి రాదేమోనని భయం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెల దాటించాడు.

సోనారి పేటలో జానకీదేవి ఇంటికి సూర్యం ప్రతి పదిహేను రోజులకీ వెళ్ళేవాడు. ఆమె భర్త నరసింహం ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆమెకి షుగరూ థైరాయిడూ రెండూ ఉన్నాయి. నరాలు దారంలా సన్నం. వేరేవాళ్ళు వస్తే నాలుగుచోట్ల పొడిచి చేయంతా నీలం చేసి పోయేవారు. సూర్యం వేలితో రెండుసార్లు తడిమి ఒక్కసారికే తీసేసేవాడు. ఆమె కాఫీ ఇవ్వకుండా పంపేది కాదు.

"ఏమ్మా కల్యాణీ, ఇంకా తగ్గలేదా నీ గొంతు? కిందటిసారీ ఇలాగే ఉంది, అంతకుముందూ ఇంతే."

"జలుబండీ. పోద్ది."

"ఇన్నాళ్ళ జలుబేమిటి? ఎవరికైనా చూపించావా? నిన్నే అడుగుతున్నాను."

అతను నెత్తురు గొట్టాలు సర్దుకుంటూ తల దించుకుని వచ్చేశాడు.

మూడు రోజుల తర్వాత ల్యాబు యజమాని రాజ్‌కిరణ్ గదిలోకి పిలిచాడు. నలభై దాటిన మనిషి. గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. కూచోమన్నాడు. మాటలన్నీ హిందీలోనే.

"సోనారి నుంచి ఫోనొచ్చింది. జానకీదేవి గారు. నీ గొంతు గురించి."

"ఏమన్నారు?"

"ఏమంటేనేం. కిందటి వారం ఇంకో ఇంటివాళ్ళు అడిగారు, మీరు పంపింది ఆడా మగా అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. మళ్ళీ మళ్ళీ నవ్వలేను కదా." అతని చూపు సూర్యం పైపెదవి మీద నల్లబడుతున్న నూగు దగ్గర ఆగింది. "ఏం వాడుతున్నావు?"

అబద్ధాలు చాలానే సిద్ధంగా ఉన్నాయి. కాని సూర్యం నోట "మై ఇలాజ్ కరా రహా హూ" అని వచ్చింది. వైద్యం చేయించుకుంటున్నానని. 'రహీ' కాదు, 'రహా'. రాజ్‌కిరణ్ ఆ అక్షరాన్ని విన్నాడు. కాసేపు బల్ల మీది పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

"నువ్వు పని బాగా చేస్తావు. అందులో వంక పెట్టడానికి లేదు. కానీ ఆడవాళ్ళున్న ఇళ్ళకి నిన్నిక ఎలా పంపను?"

"మగవాళ్ళున్న ఇళ్ళకి పంపండి."

"నీ మెడలో కార్డు మీద కల్యాణి అని ఉంది. ఏమని పంపను?"

మర్నాటి నుంచీ అతనికి వెనక గదిలో పని. గొట్టాలకి చీటీలు అంటించడం, వాటిని మిషనులో తిప్పడం. జీతం ఉంది, పైడబ్బు పోయింది. స్కూటీ ల్యాబు గోడ పక్కన ఊరికే నిలబడి ఉండేది.

మందు కొనుక్కోవాలంటే ఉద్యోగం కావాలి. ఉద్యోగం నిలవాలంటే మందు మానాలి. ఈ రెండింటి మధ్యా ఎటు తిరిగినా గోడే. ఇంటికి ఇచ్చే డబ్బులో మాత్రం రూపాయి తగ్గించలేదు. తగ్గిస్తే అమ్మ ఎందుకని అడుగుతుంది. కలకత్తా వెళ్ళాల్సిన తేదీ వచ్చింది, పోయింది. రీనా అప్పిస్తానంది. ఆమె తమ్ముడి చదువు ఆమె జీతం మీదే నడుస్తోందని తెలిసి వద్దన్నాడు. సాక్చిలో ఎప్పుడూ కొనే మందుల షాపువాడు డాక్టరమ్మ చీటీ తిరగేసి చూసి, ఇది పాతబడిపోయింది, కొత్తది తెమ్మన్నాడు. సూదికీ సూదికీ మధ్య మూడు వారాలు ఆరయ్యాయి.

ఒక ఉదయం, వెనక గదిలో మిషను తిరుగుతుండగా, పొత్తికడుపులో ఆ పాత నొప్పి వచ్చింది. ఆగిపోయిందనుకున్న నెలసరి. బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని గోడకి తల ఆనించి కూచున్నాడు. ఎవరో తలుపు కొట్టారు. "ఆ, వత్తన్నా" అన్నాడు. లేవలేదు.

ఆ సాయంత్రమే సాక్చి బజారు వెనక ఒక జిమ్ము దగ్గర చీటీ లేకుండా మందు అమ్మే మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాడు. కండలు పెంచే కుర్రాళ్ళు అక్కడే కొంటారని విన్నాడు. సగం ధర. సీసా మీద చీటీ వంకరగా అంటించి ఉంది. చీటీలు అంటించడమే తన పనిప్పుడు, ఆ వంకర చూడగానే తెలిసింది ఇది సరైన మందు కాదని. తెలిసీ కొన్నాడు. తెలిసీ గుచ్చుకున్నాడు.

నాలుగో రోజుకి తొడ ఎర్రబడి రాయిలా గట్టిపడింది. ఐదో రోజు పనికి వెళ్ళలేకపోయాడు. మధ్యాహ్నం తవిటమ్మ బండి కట్టేసి వచ్చి నుదురు ముట్టుకుని "ఓలమ్మా!" అని చేయి వెనక్కి లాక్కుంది. పక్కింటివాళ్ళ ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది.

డ్యూటీ డాక్టరు చిన్నవాడు, తొందరలో ఉన్నాడు. "ఇక్కడ ఏం గుచ్చుకున్నావు? మత్తా?" అన్నాడు హిందీలో.

"మా గుంట అలాంటిది కాదు" అని తవిటమ్మ తన వచ్చీరాని హిందీలో కలగజేసుకుంది.

"టెస్టోస్టెరాన్" అన్నాడు సూర్యం.

"మగవాళ్ళ హార్మోను. నీకెందుకది?"

డాక్టరుకి జవాబివ్వకుండా సూర్యం తల్లి వైపు తిరిగాడు. జ్వరంతో నాలుక తడారిపోయింది. "అమ్మా, నేను ఆడపిల్లని కాదు. ఎప్పుడూ కాదు. మందు ఏసుకుంటన్నాను. ఈ గొంతు జలుబు కాదు."

తవిటమ్మ అతని ముఖంలోకి చూసింది. డాక్టరు ముఖంలోకి చూసింది. చేతిలోని గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని, తెర పక్కకి తప్పించి బయటికి వెళ్ళిపోయింది.

చీము తీసేటప్పుడు మత్తు సరిగా ఎక్కలేదు. తర్వాత మంచం దగ్గరికి ఆమె వచ్చేసరికి సాయంత్రమయింది. దుప్పటి సర్దింది. సీసాలో నీళ్ళున్నాయో లేదో చూసింది. "ఒలే" అని పిలవలేదు. ఏ పిలుపూ లేకుండానే మాట మొదలుపెట్టింది.

"లోపట ఎవుడో మగోడు అరుత్తన్నాడనుకున్నాను. పాపం ఎవులి బిడ్డో అనుకున్నాను."

సూర్యం తల గోడ వైపు తిప్పుకున్నాడు.

"నెల్లాళ్ళు మిరియాల పాలు తాగినావు. ఎదురుగుండా నిలబడి ఇచ్చినాను. ఒక్కనాడు కూడా సెప్పాలనిపించనేదా?"

"నువ్విత్తుంటే వద్దనలేకపోయానమ్మా."

ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటి దాకా తీయలేదు.

తండ్రికి వాళ్ళు చెప్పకముందే ఆ పేరు తెలిసింది. ఆస్పత్రి కాగితాలు కావాల్సొచ్చి ఆదిబాబు సూర్యం బ్యాగు తెరిచాడు. లోపలి అరలో రక్తపరీక్ష రిపోర్టు దొరికింది. హిందీ కూడా సరిగా చదవలేని మనిషి సందు చివరి ట్యూషను మాస్టారు చేత చదివించుకొచ్చాడు. ఆదివారం పొద్దున్న. సూర్యం ఆస్పత్రి నుంచి వచ్చి రెండు రోజులయింది, కుంటుతూ నడుస్తున్నాడు. సందులో కొళాయి దగ్గర జనం ఉన్నారు.

"ఈ సూర్యం ఎవుడు?" ఆదిబాబు అరిచాడు. తనకి వినపడదు కాబట్టి ఆయన మామూలు మాటే అరుపు. ఇప్పుడది కేక. "ఈడి కాయితం నీ సంచీలో ఎందుకుంది? ఎన్నాళ్ళ నుంచి తిరుగుతన్నావు ఈడితో?"

"నాన్నా, నెమ్మదిగా..."

"ఏటీ?"

"నేనే" అన్నాడు సూర్యం.

"ఇనపడనేదు! ఎవుడూ?"

కొళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. తవిటమ్మ గుమ్మం దాకా వెళ్ళి తలుపు మూయబోయింది. ఆ తలుపు ఎప్పుడూ సరిగా పడదు. ఇంకోసారి చెప్పాలంటే అరవాల్సిందే. అరిస్తే సందంతా వింటుంది. సూర్యం గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నేనే నాన్నా! సూర్యం నేనే! ఆ పేరు నాదే!"

ఆ గొంతు ఆదిబాబుకి మొదటిసారి వినపడింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. బిడ్డ పెదవి మీది నూగు, దవడ, మెడ ఒక్కొక్కటే చూశాడు, మిల్లులో ఎక్కడ తేడా వచ్చిందో వెతికే మనిషిలాగా.

"అది మా నాయన పేరు" అన్నాడు చివరికి. ఈసారి గొంతు తగ్గింది. "సీకాకుళం నుంచి ఈ ఊరొచ్చి పార పట్టినోడి పేరు. మొగపిల్లోడు పుడితే పెడదామని దాసుకున్నాను. నువ్వు తీసీసుకున్నావు. నన్ను అడక్కండా తీసీసుకున్నావు."

కాగితం చింపుతాడనుకున్నాడు సూర్యం. చింపలేదు. మడత పెట్టి టీవీ మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. రాత్రికి వచ్చాడు. అన్నం తిన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన బిడ్డతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏమైనా కావాలంటే భార్యతో అనేవాడు. అది కూడా పేరు లేకుండా, 'అది' అనీ 'ఆడు' అనీ తేలకుండా, "లోపట" అనేవాడు. "లోపట అన్నం తిన్నారేటి?" అని అడిగేవాడు.

సందులో జనం కొన్నాళ్ళు తవిటమ్మ బండి దగ్గరికి రావడం తగ్గించారు. ఇడ్లీలు మిగిలితే సాయంత్రం ఇంట్లోవాళ్ళే తిన్నారు.

గాయం మానుతుండగా జానకీదేవి ఫోను చేసింది, ల్యాబుకి కాదు, అతని సొంత నంబరుకే. "ఒకసారి ఇంటికి రామ్మా" అంది. వెళ్ళాలనిపించలేదు. తన పొట్ట కొట్టిన ఫోను ఆవిడదే. అడిగి కడిగేద్దామని వెళ్ళాడు.

ఆమె హాల్లో కూచుని ఉంది. ఎడమ చేయి మోచేతి నుంచి మణికట్టు దాకా నీలంగా కమిలి ఉంది. కొత్త కుర్రాడు పొడిచిన గుర్తులు.

"మీరు నా మీద ల్యాబుకి ఫిర్యాదు చేసేరు" అన్నాడు నిలబడే.

ఆమె తెల్లబోయింది. "ఫిర్యాదా? గొంతు డాక్టరుకి చూపించమని చెప్పానమ్మా. మా చిన్నన్నయ్యకి ఇలాగే బొంగురుతో మొదలయింది. మేమంతా జలుబే అనుకున్నాం. ఆరు నెలల్లో పోయాడు. నీకు చెబితే వినిపించుకోవడం లేదని వాళ్ళకి చెప్పాను. ఎందుకూ, ఏమయింది?"

సూర్యం కోపానికి పట్టు దొరకలేదు. ఇన్ని రోజులుగా రాత్రుళ్ళు నిద్ర పట్టక ఈమెని తిట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. కుర్చీలో కూలబడి, ఉన్నదంతా చెప్పేశాడు. గొంతు సంగతి, మందు, పని పోవడం, ఆస్పత్రి. లోపలి గదిలో నరసింహం గారి పేపరు చప్పుడు ఆగింది.

జానకీదేవి వింటూ వింటూ, మధ్యలో ఎక్కడో, కుడిచేత్తో పైట భుజం మీదికి లాక్కుని సర్దుకుంది. రెండేళ్ళుగా ఆమె ముందు కూచుని నెత్తురు తీస్తున్నాడు, ఎన్నడూ ఆమె అలా చేయలేదు. పరాయి మగవాడు ఎదురైనప్పుడు ఆడవాళ్ళ చేయి తమకి తెలియకుండా చేసే పని అది. సూర్యానికి ఈ ఇంటి నుంచి తనని బయటికి నెట్టినట్టయింది. అదే క్షణంలో, లోకంలో ఇంతవరకూ ఎవరూ తనకి ఇవ్వనిదేదో ఆమె ఇచ్చినట్టూ అయింది. రెండూ ఒక్కసారే.

"నాకిదేమీ అర్థం కావడం లేదు" అంది ఆమె. "తప్పో ఒప్పో చెప్పేంత చదువూ లేదు నాకు. మీ అమ్మ ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. మాట్లాడుతోంది."

"మరి నాన్న?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె కాసేపు కమిలిన చేతి వంక చూసుకుంది. తర్వాత కుడిచేయి సోఫా చేతి మీద చాపింది. "ఈ చేతికి ఇంకా ఎవరూ పొడవలేదు. నువ్వే తీయి. మీ రాజ్‌కిరణ్‌తో నేను మాట్లాడతాను."

మాట్లాడింది కూడా. మిగిలిన ఇళ్ళ సంగతి రాజ్‌కిరణ్ ఒప్పుకోలేదు. ఆ ఒక్క ఇంటికి మాత్రం పదిహేను రోజులకోసారి స్కూటీ బయటికి తీయమన్నాడు.

నెల తిరిగాక కలకత్తా ప్రయాణం పెట్టుకుంటే, నేనూ వస్తానంది తవిటమ్మ. ఎందుకని సూర్యం అడగలేదు. స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో ఇడ్లీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూచుంది. డాక్టరమ్మ గదిలో మాత్రం నోరు విప్పింది, ముందే లోపల కూడబలుక్కున్న హిందీలో.

"దీన్ని ఎనక్కి తిప్పే మందుందా?"

సూర్యం నేల చూపులు చూశాడు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది.

"ఆపితే కొన్ని మెల్లగా వెనక్కి వెళ్తాయి. గొంతు వెళ్ళదు. ఆపాలా వద్దా అన్నది నన్ను కాదు, మీ బిడ్డని అడగండి."

"ఆ గొంతు మరి రాదా?"

"రాదమ్మా."

తవిటమ్మ బిడ్డని ఏమీ అడగలేదు. చిన్నప్పుడు బిడ్డ స్కూల్లో జెండా పండక్కి పాట పాడి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్న సంగతి డాక్టరమ్మకి చెప్పబోయింది. హిందీ చాలలేదు, మధ్యలోనే ఆపేసింది. డాక్టరమ్మ సూర్యం తొడ మీది మచ్చ చూసి బాగా చీవాట్లు పెట్టింది. కొత్త చీటీ రాసింది. ఇంకాస్త తక్కువ మోతాదుతో మొదలుపెడదామనీ, పరీక్షలు మాత్రం దాటెయ్యొద్దనీ చెప్పింది. చీవాట్లు అయ్యేదాకా తవిటమ్మ తలూపుతూనే ఉంది.

తిరుగు బండి ఖరగ్‌పూర్ దాటాక ఆమె డబ్బా తెరిచి చెరో రెండు ఇడ్లీలు పెట్టింది.

"గెడ్డం కూడా వత్తదా?"

"వత్తది."

"ఎన్నాళ్ళు ఏసుకోవాలి ఈ సూదులు?"

"బతికున్నన్నాళ్ళూ."

ఆమె ఇడ్లీ తుంపిన చేయి అలాగే ఉండిపోయింది. బండి ఘాట్‌శిల దాకా వచ్చింది. బయట వరికోత అయిపోయిన పొలాలు, ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోతున్నాయి. సూర్యం ఆమె వైపు చూడడానికి భయపడి ఎదుటి సీటు మీద నిద్రపోతున్న పసిపిల్లని చూస్తూ కూచున్నాడు.

"వచ్చే నెల నుంచి ఇంటికి సగవే ఇయ్యి" అంది తవిటమ్మ ఉన్నట్టుండి. "మీ నాన్నకి జీతం కోసేసినారని సెప్తాను. అబద్ధం కాదు గదా. బండి కాడ సాయంత్రం పూట కూడా ఏటైనా ఏత్తాను. పకోడీ కొంటారు జనం."

"నీకు మోకాళ్ళ నొప్పులమ్మా. రెండు పూట్లా నిలబడలేవు."

"నిలబడనేకపోతే కూకుంటాను." ఆమె డబ్బా మూత బిగించింది. "నాకిది ఇష్టం నేదు. ఇష్టవని అనుకోకు. మీ నాన్న ఎప్పటికి మాటాడతాడో నాకు తెల్దు. సందులో ఆల్ల మొకాలు ఎలగ సూడాలో తెల్దు. కానీ ఆ జిమ్ము కాడికి మరెల్లకు. ఆ అరుపు ఇంకోపాలి ఇననేను."

"ఎల్లను" అన్నాడు సూర్యం.

టాటానగర్ వచ్చేసరికి ఆమె కాళ్ళు పట్టేశాయి. మెట్ల వంతెన ఎక్కలేక రెండుచోట్ల ఆగింది. సూర్యం ఒక చేత్తో సంచీ, మందుల కవరు పట్టుకుని, రెండో చేయి ఆమె నడుం వెనక ఆనించాడు. స్టేషను బయట ఆటోవాడు ఎక్కడికని అడిగాడు. "బర్మామైన్స్" అన్నాడు సూర్యం. ఆటోవాడు వెనక సీటు చూపిస్తూ "ఆయియే భయ్యా, మా జీకో ఇధర్ బిఠాయియే" అన్నాడు, రండి అన్నయ్యా, అమ్మని ఇటు కూచోబెట్టండని. తవిటమ్మ ఆ మాట విని బిడ్డ వంక ఒక్కసారి చూసి, మోకాలు పట్టుకుని మెల్లగా ఆటో ఎక్కింది. సందు చేరేసరికి ఇంట్లో దీపం వెలిగి ఉంది. ఆదిబాబు టీవీ ముందు కూచుని, వాళ్ళు వచ్చిన అలికిడి వినపడక, తెర వైపే చూస్తున్నాడు.